పేలింది బాయిలర్ కాదు, ఒక గొట్టం

చి. రవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఎర్ర ఇంకు పెన్నుతో. 'ఫ్యూరీ' అనే బ్రిటిష్ ఆవిరి రైలింజను మీద తెలుగులో కథ రాయాలనుకోవడమే నాకు నచ్చింది. కానీ "బాయిలర్ అగ్నిపర్వతంలా బద్దలైంది" అన్నావే, అక్కడ ఆగిపోయాను. ఆ బాయిలర్ బద్దలవలేదు నాయనా.

1930 ఫిబ్రవరి 10. స్కాట్లాండ్‌లో కార్‌స్టెయిర్స్ స్టేషన్. నువ్వు రాసినట్టు ఇంజను దూసుకుపోవడం లేదు, మెల్లగా వస్తోంది. మామూలు బాయిలర్లో మంట గొట్టాల్లోంచి పోతుంది, నీళ్లు చుట్టూ ఉంటాయి. ఇందులో తిరగేశారు. బొగ్గు మండే ఫైర్‌బాక్సు చుట్టూ గొట్టాలు పేర్చి, వాటిలో నీళ్లు నింపి మూసేశారు. ఆ వేడితో వేరే డ్రమ్ములో చదరపు అంగుళానికి 900 పౌండ్ల ఒత్తిడితో ఆవిరి పుట్టాలి. మామూలు బాయిలరున్న 'రాయల్ స్కాట్' రకం ఇంజన్లలో ఆ ఒత్తిడి 250. ఈ గొట్టాల్లో మాత్రం 1400 నుంచి 1800 దాకా!

అలాంటి గొట్టం ఒకటి పగిలింది. ఆవిరి తన్నిన తన్నుకి, మండుతున్న బొగ్గు మనుషులున్న వైపుకి ఎగిరిపడింది. ఏ దారిన? ఫైర్‌మన్ పారతో బొగ్గు వేసే ఆ తలుపులోంచే. ఈ బాయిలర్ తయారీలో పాలుపంచుకున్న సూపర్‌హీటర్ కంపెనీ తరఫున ఇంజనెక్కిన మనిషి చనిపోయాడు. ఇంతకంటే భయపెట్టే ఉపమానం నీకెక్కడ దొరుకుతుంది? యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియనివాడే అగ్నిపర్వతాల కోసం వెతుక్కుంటాడు.

మా మేనమామ బిట్రగుంట షెడ్‌లో ఫైర్‌మన్. నా మొదటి రైలు కథలో, బాయిలర్లో నీళ్లెంతున్నాయో చూపే గేజు గ్లాసులో నీటిమట్టం మీంచి ఆయన చూపు తిప్పకపోవడం గురించి నాలుగు వాక్యాలు రాశాను. పాఠకులకు బోరు కొడుతుందని ఎడిటర్ ఆ నాలుగూ కొట్టేసి, సూర్యోదయం ఉంచాడు. అచ్చయ్యాక మామయ్యకు చదివి వినిపించాను. అంతా విని, "మరి నీళ్లెవరు చూస్తున్నార్రా?" అన్నాడు. ముప్ఫయ్యేళ్లయినా ఆ ఎడిటర్ని క్షమించలేకపోతున్నాను. ఇవాళ్టి పత్రికల్లోనూ అదే జబ్బు. పొగ గురించి పేజీలు నింపుతారు, పార పట్టిన చెయ్యి ఎక్కడా కనపడదు.

ఇంకొకటి. ఆఖర్న ఇంజన్ని తుక్కు చేశావు. అదీ తప్పే. 1935లో ఇంజనీరు స్టానియర్ దానికి మామూలు బాయిలర్ పెట్టించి, 'బ్రిటిష్ లీజియన్' అన్న పేరుతో మళ్లీ పట్టాలెక్కించాడు.

ఆ బొగ్గు తలుపు ముందు నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి, కథ మళ్లీ రాయి. దసరాలోగా పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు