మాలా-ఎన్ వాడొచ్చా? వాడొచ్చు, అట్ట ఇంట్లో మర్చిపోనంత వరకు

పర్లాకిమిడి నుంచి ఒకావిడ అడిగారు: వయసు 27, పాపకి రెండేళ్ళు, పాలు మాన్పించేశారు. ఆశా దిదీ గర్భం రాకుండా రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రల అట్ట ఇచ్చింది. అత్తగారేమో "గర్భసంచి ఎండిపోద్ది, మరి పిల్లలు పుట్టరు" అంటున్నారట.

ఎండదమ్మా. మాత్ర మానేస్తే చాలామందికి నెలా రెండు నెలల్లోనే అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. అత్తగారి భయం కంటే ముందు బీపీ చూపించుకోండి. 140/90 ఉన్నా, దాటినా ఈ మాత్ర వద్దు. తలనొప్పి వచ్చే ముందు కళ్ళ ముందు మెరుపులు కనిపించేవాళ్ళకీ, పాపకి ఆరు నెలలు నిండని పాలిచ్చే తల్లులకీ వద్దు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్ర సరిగా పనిచేయదు. 35 దాటి పొగ తాగేవాళ్ళు దీని జోలికే పోకూడదు. మనవైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా, దాన్ని ఎవరూ పొగ అలవాటు కింద లెక్కెయ్యరు. మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఇదంతా ఎందుకంటే మాత్రలోని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. మాత్ర వాడనివాళ్ళలో ఏడాదికి పదివేల మందిలో 1 నుంచి 5 మందికి సిరల్లో గడ్డలొస్తే, వాడేవాళ్ళలో 3 నుంచి 9 మందికి వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు అది 5 నుంచి 20. మాత్రకి భయపడి కాన్పుకి సిద్ధపడటం ఏం లెక్కో మరి! లాభాలూ ఉన్నాయి: ముట్టు నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి, అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుంది.

అసలు తేడా కొట్టేది పెళ్ళిళ్ళప్పుడు. గురువారం గుణుపూర్ రైలెక్కి టెక్కలి వెళ్తారు, అట్ట బీరువాలో ఉండిపోతుంది. ఆదివారం తిరిగొచ్చి మూడు మాత్రలూ కలిపి మింగుతారు, వాంతి చేసుకుంటారు. అలా కాదు. మర్చిపోయినవాటిలో చివరిది ఒకటి, ఆ రోజుది ఒకటి వేసుకోండి, మిగతా రెండూ పారేయండి. ఏడు రోజులు నిరోధ్ వాడండి. పోయినవి మూడో వారం మాత్రలైతే, అట్టలోని 21 తెల్ల హార్మోన్ మాత్రలు అయిపోగానే ఏడు ముదురు రంగు మాత్రలూ వదిలేసి మర్నాడే కొత్త అట్ట మొదలుపెట్టాలి. ఆ ఏడూ ఉత్త ఐరన్, వాటిలో హార్మోన్ లేదు. ఐరన్ అయ్యాక కొత్త అట్ట రెండు రోజులు ఆలస్యమైతే తొమ్మిది రోజులు హార్మోన్ లేనట్టే. అండాశయం మేలుకోడానికి ఆ మాత్రం చాలు. చాలా "మాత్ర ఫెయిలయింది"ల వెనక ఉండేది ఇదే.

ఇంకోటి. తిరుపతి వెళ్తున్నామని ముట్టు వాయిదాకి మందులషాపులో తెచ్చుకునే నోరెథిస్టిరాన్ గర్భం రాకుండా ఆపే మాత్ర కాదు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు, అడిగితే షాపువాడికీ విసుగే.

రోజూ గుర్తుండదంటే ఛాయా అనే ఇంకో గర్భనిరోధక మాత్ర అడగండి. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటే. మాలా-ఎన్ అయితే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి, వికారం తగ్గుతుంది. మొదటి రెండు మూడు నెలలు మధ్యమధ్య మరకలు కనిపిస్తే కంగారొద్దు. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, గుండెలో పోటొచ్చినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.