గోడ మీదికి ఏ బొమ్మ? క్యాలెండర్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది చివరికొచ్చేసింది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొత్త క్యాలెండర్ గురించి అడిగినవే ఎక్కువున్నాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. చాలామంది అడిగింది చుట్టూ తిరిగి ఒకటే, అందమైన బొమ్మ కావాలా, పనికొచ్చే తేదీలు కావాలా అని. నాకైతే రెండూ కావాలి, రెండూ కుదురుతాయి కూడా, కాకపోతే బొమ్మ ఆ నెలదై ఉండాలి, మనకి తెలిసినదై ఉండాలి. ముప్పై రోజులు పొద్దున లేవగానే కనపడేది కాబట్టి ఏదో ఒకటిలే అనుకుంటే కుదరదు.

ప్రశ్న: మా నాన్నగారు ఆటోనగర్‌లో షెడ్డు నడిపి ఈమధ్యే మానేశారు. పాత కార్లంటే ప్రాణం. క్లాసిక్ కార్ల క్యాలెండర్ కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ మస్టాంగ్‌లు, షెవర్లేలే. ఆయన చేతిలో పడ్డవి అంబాసిడర్లూ ఫియట్లూ. మన కార్లతో చేయించొచ్చా, ఏవి పెట్టాలి? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పకుండా చేయించండి. నాన్నగారికి మస్టాంగ్ చూస్తే అందంగా ఉంటుంది అంతే, అదే అంబాసిడర్ బొమ్మ చూస్తే కార్బ్యురేటర్ దగ్గర్నుంచి క్లచ్ ప్లేట్ దాకా చేతులకి గుర్తొస్తుంది. ఊరికే పన్నెండు కార్లు వరసగా పెట్టేయకుండా ఒక్కో కారుకి సంబంధించిన నెల చూసి పెట్టండి.

మే నెలకి అంబాసిడర్. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మోడల్ ఆధారంగా 1950ల చివర్లో మొదలై, కోల్‌కతా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైంది, అంటే యాభై ఏళ్ళ పైచిలుకు ఆకారం పెద్దగా మారకుండా వచ్చిన బండి. అక్టోబర్‌కి ప్రీమియర్ పద్మిని పెట్టండి, నాన్నగారి తరంవాళ్ళు ఇప్పటికీ ఫియట్ అనే అంటారు, ఎందుకంటే అది ఫియట్ 1100 మోడలే, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు చేసేవాళ్ళు. ముంబైలో నలుపు పసుపు ట్యాక్సీలుగా తిరిగిన పద్మినీల్లో ఆఖరిది 2003 అక్టోబర్‌లో రిజిస్టర్ అయింది, అక్కడ ట్యాక్సీకి ఇరవై ఏళ్ళ వయసు పరిమితి ఉండటంతో 2023 అక్టోబర్ చివర్లో అవి రోడ్డు మీంచి వెళ్ళిపోయాయి. డిసెంబర్ మాత్రం మారుతీ 800దే, 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. ఇది క్లాసిక్ ఏంటి అని కొందరు అంటారు కానీ, ఎన్నో మధ్యతరగతి ఇళ్ళకి మొదటి కారు అదే, నేనైతే దాన్ని తీసేయనివ్వను.

మిగతా నెలలకి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వెతకండి. దాని బానెట్, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ఒకే మూతలా ముందుకి వాలి తెరుచుకుంటుంది, మెకానిక్‌లకి ఆ బండి ఎందుకు నచ్చేదో ఆ ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది, కాబట్టి బానెట్ తెరిచి ఉన్నప్పుడే తీయండి. కాంటెస్సా కూడా ఉండాలి. హైదరాబాద్ వెళ్ళే పనుంటే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల కాలం నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది, 1912ది, దాన్ని కవర్ పేజీకి వాడుకోండి.

ఫొటోల సంగతి ముఖ్యం. నెట్‌లో కనపడిన ఫొటో తీసేసుకుని ప్రింట్ కొట్టించకండి, మన చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు అది తీసినవాళ్ళు బతికున్నంతకాలం, వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. దానికన్నా నాన్నగారిని వెంటబెట్టుకుని ఆటోనగర్‌లోనే తిరగండి, పాత బండ్లు ఇంకా ఉంచుకున్నవాళ్ళు ఆయనకి తెలిసే ఉంటారు, ఓనర్‌ని అడిగి మీరే తీసుకోండి. ఎవరి దగ్గరైనా యాభై ఏళ్ళు దాటిన బండి ఉంటే ఇంకో మాట కూడా చెప్పండి, 2021లో వచ్చిన కేంద్ర రూల్ ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబర్‌లో 'వీఏ' అని వస్తుంది. కాకపోతే ఆ బండిని రోజూ తిప్పుకోవడానికి లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటి వాటికే.

ప్రతి పేజీ కింద నాన్నగారి మాట ఒక్క లైన్ రాయించండి, ఆ బండిలో ఏది ఎక్కువ పాడయ్యేది, దాన్ని ఎలా బాగుచేసేవాళ్ళు అని. కొనే క్యాలెండర్‌లో అది ఎక్కడా దొరకదు.

ప్రశ్న: ఇదివరకు బ్యాంకుకి వెళ్తే క్యాలెండర్ ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు అడిగితే లేవంటున్నారు, ఎందుకని? (తెనాలి)

జవాబు: 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఒక ఆర్డర్ ఇచ్చిందండి, మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రభుత్వ బ్యాంకులు గోడ క్యాలెండర్లు, డైరీలు అచ్చు వేయొద్దని, అంతా డిజిటల్‌లోనే చేసుకోమని. ఖర్చు తగ్గించడానికే. నాకు మాత్రం అది బాధగానే అనిపిస్తుంది, ఫోన్ వాడని పెద్దవాళ్ళున్న ఇళ్ళలో గోడ మీద తేదీ కనపడాలి కదా. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు ఏటా వేసే క్యాలెండర్లు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు, ఒకసారి చూడండి.

ప్రశ్న: ప్రకృతి దృశ్యాల క్యాలెండర్ అంటే ఎప్పుడూ స్విట్జర్లాండ్ మంచు కొండలూ, ఎర్రాకుల చెట్లూనేనా? మన తెలుగు ప్రాంతాలతో పన్నెండు నెలలు నింపగలమా? మా స్కూల్ పిల్లలతో చేయిద్దామని ఆలోచన. (ఖమ్మం నుంచి ఒక టీచర్)

జవాబు: ఎంత మంచి ఆలోచన మేడమ్! నింపగలం, ఇంకా మిగులుతాయి కూడా. జూలై నెలలో బయట వాన కొడుతుంటే గోడ మీద మంచు కొండ ఉంటే పిల్లలకి ఆ నెలకీ ఆ బొమ్మకీ సంబంధం ఏం తెలుస్తుంది? ఏ నెలలో ఏది కనపడుతుందో అది పెట్టాలి.

జనవరికి పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, చలికాలంలోనే వస్తాయి, సూళ్ళూరుపేటలో వాటి పేరు మీద పండగే చేస్తారు. ఫిబ్రవరికి కొల్లేరు పక్కన ఆటపాకలో గూడబాతులు. మార్చిలో మోదుగ పూలు, మీ ఖమ్మం అడవుల్లోనే బోలెడు, చెట్టుకి ఆకులేకుండా మొత్తం నారింజ రంగే ఉంటుంది, దీనికోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఏప్రిల్‌కి మామిడి తోట, మేకి ఎర్రగా పూసిన తురాయి చెట్టు, జూన్‌కి మొదటి వానకి దున్నుతున్న చేను. జూలై ఆగస్టుల్లో జలపాతాలే, ఆదిలాబాద్ వైపు కడెం వాగు మీద కుంటాల, ములుగు జిల్లా వాజేడు దగ్గర బొగత. ఎండాకాలంలో వెళ్ళి కుంటాల ఇంతేనా అనుకునేవాళ్ళుంటారు, వానలు పడ్డాక చూడాలి దాన్ని. నిండుగా పారుతున్న గోదావరితో పాపికొండలు సెప్టెంబర్‌కి పెట్టుకోవచ్చు. అక్టోబర్‌కి తంగేడు, గునుగు, అంటే బతుకమ్మ పూలు పెరట్లోనో చేనుగట్టునో పూసి ఉన్నప్పటి ఫొటో, పేర్చాక తీసింది కాదు. నవంబర్‌కి అరకులో వలిసె పూలు, కొండల కింద మడులకి మడులు పసుప్పచ్చగా ఉంటాయి, నన్నడిగితే పన్నెండింటిలో అదే అన్నిటికన్నా అందమైన పేజీ. డిసెంబర్‌కి లంబసింగి పొగమంచు. రామప్ప గుడిని కవర్ మీద వేయండి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కాబట్టి పిల్లలకి చెప్పడానికి కూడా బాగుంటుంది.

పిల్లలు అన్ని చోట్లకీ వెళ్ళలేరు కదా, వెళ్ళగలిగిన చోట ఫొటో తీయించండి, మిగతావి బొమ్మలు గీయించండి, రెండూ కలిసి ఉంటే ఇంకా బాగుంటుంది. కాగితం మాత్రం మరీ నిగనిగలాడే గ్లాసీ వద్దు, దాని మీద పెన్నుతో రాస్తే అలుక్కుపోతుంది. పరీక్షలూ పుట్టినరోజులూ రాసుకోవాలి కాబట్టి మ్యాట్ ఫినిష్ అడగండి.

ప్రశ్న: గుంటూర్లో ఉన్న మా అమ్మకి ముగ్గులే హాబీ, రోజూ వేసి వాట్సాప్‌లో ఫొటో పంపుతుంది. వాటితో క్యాలెండర్ చేయించి అమ్మకొకటి, ఇక్కడ మా ఇంట్లో ఒకటి పెడదామనుకుంటున్నా. పండగలు రెండిట్లో ఒకటే వేయొచ్చా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పండగల సంగతి ముందు చెప్తానమ్మా, ఇక్కడే చాలామందికి తేడా వస్తుంది. రెండూ వేరువేరుగా చేయించుకో. మన పండగల్లో చాలావాటికి సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూస్తారు, మీ దగ్గర సూర్యుడు మనకన్నా దాదాపు పది గంటలు ఆలస్యంగా వస్తాడు కదా, ఈలోపు తిథి మారిపోవచ్చు. గుంటూర్లో తెల్లారాక ఎనిమిదింటికి తిథి మొదలైతే ఇక్కడ పండగ మర్నాడు పడొచ్చు, మీకు అదే తేదీన తెల్లారేసరికే ఆ తిథి ఉంటుంది కాబట్టి అక్కడ ఒకరోజు ముందు వస్తుంది. మీ దగ్గర్లో ఉన్న గుడివాళ్ళు అక్కడి టైముకి లెక్కకట్టిన పండగల లిస్టు ఇస్తారు, అది తీసుకో. ఇంకోటి, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది, దానివల్ల తర్వాతి పండగలన్నీ వెనక్కి జరిగాయి. వినాయక చవితి 2025లో ఆగస్టు 27 అయితే 2026లో సెప్టెంబర్ 14, దీపావళి అక్టోబర్ 20 కాస్తా నవంబర్ 8కి వెళ్ళింది. పాత ఫైల్లో సంవత్సరం మార్చి ప్రింట్ కొట్టించావంటే మొత్తం తప్పే.

ఇక ఫొటోలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు బాగా తగ్గిపోతుంది, ఫోన్లో బాగానే కనపడుతుంది గానీ ప్రింట్‌లో చుక్కలు మసకబారతాయి. అమ్మని డాక్యుమెంట్‌గా పంపమను, ఎవరైనా ఒకసారి చూపిస్తే చాలు. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలంటారు, ఏ4 సైజు బొమ్మకి సుమారు 3500 బై 2500 పిక్సెళ్ళన్నమాట, ఇప్పటి ఫోన్లు దానికి సరిపోతాయి. ఎండ ముదరకముందు, మెట్టు మీదో స్టూలు మీదో నిలబడి నిటారుగా పైనుంచి తీయాలి, పక్కనుంచి తీస్తే గుండ్రటి ముగ్గు కోలగా వస్తుంది. ఒకటి గమనించుకో, ఫోన్లో మెరిసిపోయే నీలం, ఆకుపచ్చ రంగులు అచ్చులో కొంచెం డల్ అవుతాయి, తెల్లముగ్గుకి ఆ బాధ లేదు.

నెలల వారీగా పెడితే జనవరికి కనుమ నాటి రథం ముగ్గు, కృష్ణాష్టమి నెలకి గుమ్మంలోంచి లోపలికి వచ్చే చిన్ని పాదాలు, నాగుల చవితికి మెలికల ముగ్గు. వీలైతే ఒక్కో పేజీ మూలన ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు, సరి చుక్కా సందు చుక్కా అన్నది అమ్మ చేతిరాతతో వేయించు. రేపు మీ పిల్లలు చూసి వేసుకోగలగాలి కదా.

ప్రశ్న: 2015 క్యాలెండర్ ఒకటి బొమ్మలు బాగున్నాయని దాచాను. 2026కి అదే వాడుకోవచ్చని ఎవరో అన్నారు, నిజమా? (అనంతపురం)

జవాబు: వారాల వరకు నిజమే. రెండేళ్ళూ గురువారంతోనే మొదలయ్యాయి, రెండూ లీపు సంవత్సరాలు కావు, కాబట్టి తేదీలూ వారాలూ అచ్చంగా కలుస్తాయి, 2009, 1998 కూడా అంతే. 2027కి 2021, 2010 క్యాలెండర్లు సరిపోతాయి. లీపు సంవత్సరమైతే 28 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి, 2028కి 2000 క్యాలెండర్ అన్నమాట. వారాన్ని బట్టి వచ్చే రాహుకాలం, దుర్ముహూర్తం తప్ప తిథులు, పండగలు, వర్జ్యం ఏవీ పాతవి చూడొద్దు. ఉగాది 2015లో మార్చి 21న వచ్చింది, 2026లో మార్చి 19. బొమ్మ కోసం అది తగిలించుకోండి, పండగలకి పక్కన మామూలు పంచాంగం క్యాలెండర్ పెట్టుకోండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు చిన్న హార్డ్‌వేర్ షాపుంది. కస్టమర్లకి ఇవ్వడానికి క్యాలెండర్లు వేయించాలి, దేవుడి బొమ్మ కాకుండా కొత్తగా ఏదైనా థీమ్ చెప్పండి.

జవాబు: తమిళనాడులో క్యాలెండర్లు అచ్చువేసే శివకాశిలో వచ్చే ఏడాది క్యాలెండర్ల శాంపిల్ ఆల్బమ్‌లు తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజుకే, అంటే ఆగస్టు మొదట్లోనే బయటికొస్తాయి. ఇప్పుడు ఆర్డర్ ఇస్తే రెడీగా ఉన్న డిజైన్ల మీద మీ షాపు పేరు వేయించుకోవడమే కుదురుతుంది, థీమ్ పని వచ్చే ఏడాది కాస్త ముందే మొదలుపెట్టండి. అప్పుడు థీమ్‌గా చేతిపనివాళ్ళని పెట్టండి అన్నా, మీ దగ్గర సామాన్లు కొనేది వాళ్ళే కదా. వడ్రంగి, తాపీమేస్త్రి, కంసాలి, మీ కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్న వెండి తీగల పని) పనివాళ్ళు, నెలకొకరు పని చేస్తుండగా తీసిన ఫొటో, వాళ్ళని అడిగే తీయండి.

తేదీల గడులు మాత్రం పెద్దవిగా ఉంచండి, పాలు రాలేదనో, మేస్త్రికి ఎంతిచ్చామనో రాసుకునేంత చోటుండాలి, అంకెలు గదికి అవతలి మూల నుంచి కనపడాలి. షాపు పేరు కింద పట్టీలో ఫోన్ నంబర్‌తో చాలు, బొమ్మ మీద వేయొద్దు. ప్రెస్‌వాళ్ళు ప్రూఫ్ పంపాక పండగల తేదీలు మీ ఊరి పంతులుగారితో ఒకసారి చదివించాకే ఓకే చెప్పండి.