యుద్ధ చిత్రానికి ‘నేపథ్య సంగీతం’ అనవచ్చా?

సందేహం: మా కాలేజీలో ఒక ప్రదర్శన పెడుతున్నాం. తెర మీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి దృశ్యాల వీడియో, వేదిక మీద నలుగురు వాయించే స్ట్రింగ్ క్వార్టెట్. కరపత్రంలో ‘తంత్రీ చతుష్టయ నేపథ్య సంగీతంతో యుద్ధ చిత్రం’ అని రాశాం. సరిగ్గానే ఉందా?
– ఒక అధ్యాపకురాలు, అమలాపురం

సమాధానం: వ్యాకరణ దోషం ఏమీ లేదమ్మా. అయినా ‘నేపథ్య’ తీసేయండి.

సంస్కృత నాటకాల్లో నేపథ్యం అంటే వేషం, ఆ వేషం కట్టుకునే తెర వెనక చోటు కూడా. సినిమాలొచ్చాక నేపథ్య గానం, నేపథ్య సంగీతం వాడుకలో పడ్డాయి. ఎలా చూసినా వెనక ఉండేదనే స్ఫురిస్తుంది.

ఈ రకం ప్రదర్శనలో సంగీతం వెనక ఉండదు. 2014లో వచ్చిన ‘బియాండ్ జీరో: 1914–1918’నే తీసుకోండి. అలెగ్జాండ్రా వ్రెబలోవ్ సంగీతం కూర్చారు, క్రోనోస్ క్వార్టెట్ వాయించింది. బిల్ మోరిసన్ ఆనాటి నైట్రేట్ ఫిల్ములు ఏరి చిత్రం కట్టారు. ఆ ఫిల్ము ఏళ్లు గడిచేకొద్దీ పాడైపోతుంది, బొమ్మ మీద మరకలు లేస్తాయి. ఆయన వాటిని తుడిచెయ్యలేదు. సైనికులు కదులుతుంటే వాళ్ల చుట్టూ ఫిల్మే కరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. తెర మీది సైనికుడు ఏనాడో పోయాడు, కమాను పట్టిన మనిషి మన ఎదుటే ఉన్నాడు. చూసేవాళ్లకి యుద్ధం గురించి ఆలోచన పుట్టేది ఆ ఇద్దరి మధ్యనే. అలాంటి సంగీతాన్ని తెర వెనక్కి నెట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

మన కోనసీమ తీర్థాల్లో రాయబారం పద్యనాటకం చూసే ఉంటారు. కృష్ణుడు రాగం తీస్తుంటే హార్మోనిస్టు అందరికీ కనబడేట్టు స్టేజీ పక్కనే కూర్చుని దాన్ని అందుకుంటాడు. జనం ‘వన్స్ మోర్’ అంటే ఇద్దరికీ కలిపే అంటారు. ఆ హార్మోనియాన్ని నేపథ్య సంగీతం అన్నవాళ్లని నేనెరగను. రాయబారం కూడా యుద్ధం వద్దా, కావాలా అన్న ఆలోచనే కదా!

ఇక ‘చతుష్టయం’. సాధన చతుష్టయం లాంటి మాటలున్నాయి కాబట్టి తప్పని అనలేం. కానీ జనం నోట బాగా నలిగింది దుష్టచతుష్టయం. పక్కనే ‘యుద్ధం’ కూడా ఉంటే దుర్యోధనుడు, దుశ్శాసనుడు, కర్ణుడు, శకుని మనసులోకి వచ్చేస్తారు. పోనీ ‘మేళం’ అందామంటే మన వైపు అది సన్నాయి మేళమే. స్ట్రింగ్ క్వార్టెట్ అనే ఉంచి, ‘రెండు ఫిడేళ్లు, ఒక వియోలా, ఒక చెల్లో’ అని కింద రాయండి, సరిపోతుంది.

‘యుద్ధం గురించి ఒక వీడియో, ఒక స్ట్రింగ్ క్వార్టెట్’ అని వేయండి. పొడుగైందని ‘యుద్ధంపై’ అని కుదించకండి. ‘శత్రువుపై’ అన్నప్పటిలాగా దండెత్తడం స్ఫురిస్తుంది.