చవక పోర్ట్ వైన్ తెచ్చిన అల్లుడికి

అల్లుడా,

దసరాకు లండన్ నుంచి నువ్వు తెచ్చిన పోర్ట్ వైన్ ఎవరికీ నచ్చలేదని, చుట్టాల ముందు నీ మొహం చిన్నబోయిందని మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్లో చెప్పింది. సగం సీసా ఇంకా మిగిలే ఉందట. దాన్ని పారబోయకు. దుబాయ్ హోటల్ బార్‌లో ఏండ్ల తరబడి ఈ సీసాలతోనే గడిపినవాణ్ణి, నాలుగు మాటలు చెప్తా విను.

పోర్ట్‌ను పోర్చుగల్‌లోని డౌరో లోయలో చేస్తారు. మన తాటికల్లు పొద్దున దించితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది, మధ్యలో ఆపేవాళ్లు ఉండరు. పోర్ట్‌ను మాత్రం కావాలనే ఆపుతారు. ద్రాక్షరసం పులుస్తుండగా, తీపి ఇంకా మిగిలి ఉన్నప్పుడే, 77 శాతం ఆల్కహాల్ ఉండే ద్రాక్ష సారా పోస్తారు. దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది. తీపి అట్లనే ఉండిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా చేరుతుంది. ఆ సారా, ఆ తీపి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలంటే టైం కావాలి. నువ్వు కొన్నది పోర్ట్‌లన్నిట్లోకి చవకైన రూబీ అనే రకం. రెండు మూడేండ్లు పెద్ద తొట్టెల్లో ఉంచి సీసాలకు ఎక్కించేస్తారు. అందుకే నాలుక మీద జామ్ తీపి, గొంతులో మంట వేర్వేరుగా తెలుస్తాయి. అది నీ తప్పు కాదు, ఆ ధరకు వచ్చేది అదే.

కానీ సగం రుచి మనింట్లోనే పాడైంది. సీసాను వంటింటి అలమారలో పెట్టి, వేడివేడిగా ఉన్నదాన్నే పెద్ద గ్లాసుల్లో పోశారట. అదీ కారం దంచి వండిన మటన్‌తో! ఆల్కహాల్ తగిలితే కారం ఇంకా మండుతుంది. పైగా వేడి మీద ఉన్న పోర్ట్‌లో ముక్కుకు తగిలేది సారా వాసనే. అక్కడివాళ్లు గది వేడిమిలో తాగొచ్చు అన్నారంటే అది 16, 18 డిగ్రీల గది. హన్మకొండలో అట్లాంటి గది ఎక్కడుంటుంది? తాగే ముందు గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టు. చిన్న గ్లాసులో సగం కంటే తక్కువ పొయ్యి. భోజనం అయ్యాక కొంచెం ఆగి, ఒక డార్క్ చాక్లెట్ ముక్కతోనో నువ్వులుండతోనో మెల్లగా తాగాలి. వైనే కదా అని బీరులాగా గటగటా తాగొద్దు, ఆ రాత్రి బండి ముట్టుకోవద్దు.

అప్పటికీ నచ్చకపోతే వంటకు వాడుకోండి. స్టవ్ ఆపి, చిన్న గిన్నెలో పోసి, అప్పుడు సిమ్‌లో వెలిగించండి. మండుతున్న స్టవ్ మీద సీసాతో పోస్తే ఆవిరి అంటుకుంటుంది, అక్కకు ఈ మాట గట్టిగా చెప్పు. సగానికి పైగా ఇగిరి, గరిటెకు పలుచగా అంటుకునేటప్పుడు దించేస్తే చిక్కటి పాకం. వెనీలా ఐస్‌క్రీం మీద వేసుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. లేదంటే కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు అందులో నానబెట్టండి. కాజీపేట ఫాతిమానగర్‌లో మీ అమ్మ స్నేహితురాలు క్రిస్మస్ కేక్ చేస్తుంది కదా, ఆమెకిస్తే సంతోషంగా తీసుకుంటుంది. ఏం చేసినా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో వాడేయాలి.

వచ్చేసారి కొనేటప్పుడు లేబుల్ మీద బంగారు రంగు అక్షరాలు, ‘ఫైన్’ అన్న మాట చూసి మోసపోకు. ‘లేట్ బాటిల్డ్ వింటేజ్’ అని ఉందేమో చూడు. అది నాలుగు నుంచి ఆరేండ్లు ఆగాక సీసాకు ఎక్కుతుంది. నన్నడిగితే ‘10 ఏండ్ల టానీ’ అనే రకం తీసుకో. చెక్క పీపాల్లో మాగి రంగు తేలి, వేయించిన జీడిపప్పు వాసన వస్తుంది. మనవాళ్ల నాలుకకు అదే నప్పుతుంది. క్రిస్మస్ ముందు అక్కడి సూపర్ మార్కెట్లలో పోర్ట్ మీద డిస్కౌంట్లు పెడతారు, అప్పుడు కొని దాచుకో. రెండు చవక సీసాల బదులు ఒక్క మంచిది చాలు.

మన వైన్స్‌లో దొరికే ‘పోర్ట్’తో మాత్రం పోల్చకు. ఇక్కడ తయారయ్యే ఆ తీపి వైన్ వేరు, ఇది వేరు.

మనిషికి రెండు లీటర్ల దాకా కస్టమ్స్ వాళ్లు ఏమీ అనరు. సీసాను చేతి బ్యాగులో పెట్టకు, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. ఆ బిరడా చేత్తో లాగితే వచ్చే రకం, కాబట్టి టేపు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టు.

మీ మామ,
హన్మకొండ