మూడో రిచర్డ్ భుజం ఎవరు ఎత్తారు

తల్లీ,

నీ కథ చదివాను. ఫోన్లో అంత పెద్ద ఫైల్ చదవడం నా కళ్ళకి కష్టమే కానీ మధ్యలో ఆపబుద్ధి కాలేదు, దానికి నీకు మార్కులు వెయ్యాల్సిందే. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో చదువుకుంటూ, పదిహేనో శతాబ్దపు ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికిన చోటు పక్కనుంచే రోజూ క్లాసులకి వెళ్తూ, ఆయన మీద తెలుగులో ఏదైనా రాయాలనిపించడం బాగుంది. రాయకపోతేనే ఆశ్చర్యం.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, తిట్టాననుకోకు. మొదటి సగంలో నీ మూడో రిచర్డ్‌కి గూని ఉంది, ఒక చెయ్యి ఎండిపోయింది, కుంటుతాడు, అన్న కొడుకులిద్దర్నీ లండన్ టవర్ కోటలో పెట్టి చంపిస్తాడు. రెండో సగంలో, 2012లో కార్ పార్క్ కింద ఎముకలు బయటపడ్డాక, అదంతా నాటకం రాసిన షేక్స్పియర్ కుట్ర, ఆయన వెన్నలాంటి మనిషి అని తేల్చేశావు. ఈమధ్య మన దగ్గర కూడా ఇదొక ఫ్యాషన్ అయిపోయింది, దుర్యోధనుడితో మొదలుపెట్టి కనపడిన ప్రతి విలన్‌నీ మంచివాడని నిరూపించడం. నువ్వు చేసింది గోడ మీదున్న ఒక పటం తీసేసి ఇంకో పటం తగిలించడం, అంతే. ఆ పటం వేసిందెవరు, వాళ్ళకి డబ్బులెవరిచ్చారు, అనేది నీ కథలో ఎక్కడా లేదు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకో. రిచర్డ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన రంగుల పటం ఒక్కటి కూడా ఇవాళ మిగల్లేదు. 1485 ఆగస్టులో బాస్వర్త్ యుద్ధంలో పోయాడు, అప్పటికి 32 ఏళ్ళు. మిగిలినవాటిలో బాగా పాతది లండన్‌లో సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ అనే ప్రాచీన వస్తువుల పండితుల సంఘం వాళ్ళ దగ్గరుంది, పైన ఆర్చి ఉన్న చిన్న పటం, చెక్క వయసు లెక్కగడితే 1510 ప్రాంతానిదని తేలింది. అంటే మనిషి పోయిన పాతికేళ్ళకి, ఏదో పాత పటం చూసి ఎవరో దించినది. అందులో భుజాలు మామూలుగానే ఉంటాయి, మొహం కూడా మామూలు మొహమే, ఏ ఆఫీసులోనో కనపడే మనిషిలా. నువ్వు మీ స్టోరీ బోర్డులో పెట్టుకున్నావే, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీది, అది ఇంకా వెనకది, పదహారో శతాబ్దం చివర్లో వేసింది. అప్పట్లో పెద్ద పెద్ద బంగళాల్లో పొడుగు హాళ్ళలో ఇంగ్లండ్ రాజులందరినీ వరసగా సెట్టు కొని తగిలించుకునేవాళ్ళు, ఆ రకం సరుకు అది. కాబట్టి ఆ కళ్ళల్లో పశ్చాత్తాపం కనపడుతోంది, నుదుటి మీద చింత కనపడుతోంది అని నువ్వు రెండు పేజీలు రాశావు చూడు, అది నూరేళ్ళ తర్వాత కాపీ కొట్టినవాడి చేతివాటం చూసి రాజు మనసు చదవడం. 1951లో వచ్చిన ఒక ఫేమస్ డిటెక్టివ్ నవల సరిగ్గా ఇలాగే మొదలవుతుంది, మంచం మీద పడున్న పోలీసాయన రిచర్డ్ పటం చూసి ఇతను హంతకుడు కాడు అని డిసైడైపోతాడు. నవల సరదాగానే ఉంటుంది. పద్ధతి మాత్రం నేర్చుకోకు.

కానీ నీ బోర్డులో ఉన్న ఆ పటంలో చేతులు చూడు. మొహం వదిలేసి చేతులు. చిటికెన వేలికి ఉంగరం తొడుగుతున్నాడో తీస్తున్నాడో తెలీదు, మధ్యలో ఆగిపోయింది. నువ్వు దాన్ని పూర్తిగా మిస్సయ్యావు. ఇంత మంచి చోటు దొరికితే కథకుడు వదులుకుంటాడా?

ఇంక భుజం సంగతి. విండ్సర్ రాజకుటుంబం కలెక్షన్‌లో ఇంకో పటం ఉంది, అదీ పాతదే, 1500ల మొదటి ఇరవై ఏళ్ళలోది. అందులో కుడి భుజం స్పష్టంగా పైకి లేచి ఉంటుంది. దాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే ఏం తేలిందంటే, మొదట వేసినప్పుడు భుజం గీత కిందే ఉంది, తర్వాత ఎవరో దాని మీద రంగు వేసి పైకి ఎత్తారు. అదే సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ దగ్గరే విరిగిన కత్తి పట్టుకున్న రిచర్డ్ పటం ఇంకోటుంది, దానికి సరిగ్గా రివర్స్ జరిగింది, మొదట వంకర ఎక్కువగా వేసేశారు, తర్వాతి కాలంలో ఇంకెవరో అది మరీ ఎక్కువైందనుకుని రంగు పూసి తగ్గించారు. ఒక పటంలో ఎక్కించారు, ఇంకో పటంలో దింపారు. ఆ ఎక్కించినవాడి పేరు ఎవరికీ తెలీదు. ఏదో వర్క్‌షాపులో, ఎవరో చెప్తే, బ్రష్షు తీసుకుని ఒక రాజుని వంకర చేసిన మనిషి. నాకైతే నీ కథ మొత్తంలో హీరో వాడే అయ్యుండాల్సింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని మటుకు జాగ్రత్తగా చదువు. ఎముకలు దొరికాక చూస్తే వెన్నెముక నిజంగానే పక్కకి బాగా ఒరిగి ఉంది, దానివల్ల కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం ఎత్తుగానే ఉండేది. అంటే అల్లరి చెయ్యడానికి పైన పూసిన రంగు పోయి పోయి నిజానికే తగిలింది! తర్వాతి తరం రచయిత థామస్ మోర్ తన పుస్తకంలో ఎడమ భుజం ఎత్తు అని రాశాడు, అది తప్పు. వెన్ను ముందుకి వంగిన గూని లేదు, ఎండిన చెయ్యి లేదు, కుంటినట్టు ఆనవాలు లేదు, ఆ ఒరగడం కూడా పుట్టుకతో వచ్చింది కాదు, పదేళ్ళ వయసు దాటాక వచ్చింది, మంచి దర్జీ కుట్టిన బట్టలేసుకుంటే పెద్దగా కనపడేది కాదంటారు. నీ రెండో సగంలో "అంతా అబద్ధం" అన్నావే, అది కొట్టెయ్. అంతా అబద్ధమూ కాదు, అంతా నిజమూ కాదు, శత్రువులు వేసిన బొమ్మలో కూడా ఒక ముక్క కరెక్టయింది, ఈ ఇబ్బందిని పాఠకుడి నెత్తిన కూడా పెట్టు, నువ్వొక్కదానివే మొయ్యకు.

జాన్ రౌస్ అని ఒక ప్రీస్టున్నాడు, వార్విక్ దగ్గర. వీడు నీకు బంగారు గని. రిచర్డ్ బతికుండగానే వార్విక్ ఎర్ల్‌ల, అంటే అక్కడి ప్రభువుల, వంశం మీద చుట్ట చుట్టే పొడుగాటి రోల్ ఒకటి తయారుచేశాడు, బొమ్మలతో, అందులో రిచర్డ్ కవచం వేసుకుని నిటారుగా నిలబడి ఉంటాడు, కింద పొగడ్తలు. రాజు మారాడు. అంతే, తన దగ్గరున్న లాటిన్ కాపీని కొత్త గవర్నమెంటుకి తగ్గట్టు మార్చేశాడు. ఇంగ్లీషు కాపీలో మాత్రం ఆ పొగడ్త అలాగే ఉండిపోయింది, ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తర్వాత ఇదే మనిషి రాసిన చరిత్రలో రిచర్డ్ రెండేళ్ళు తల్లి కడుపులో ఉన్నాడట, పుట్టేటప్పటికే పళ్ళొచ్చి జుట్టు భుజాల దాకా ఉందట. వీణ్ణి చూసి నవ్వుకోవడం ఈజీ. కానీ ముసలాడు, రాజు మారినప్పుడల్లా ప్రాణభయం ఉన్న కాలం, టేబుల్ మీద పాత రోల్, చేతిలో కత్తో కలమో, తలుపు బయట ఎవరో. ఒక్క సీన్ చాలు తల్లీ.

రిచర్డ్ కూడా తన బొమ్మ సంగతి తెలీని అమాయకుడేం కాదు. 1483లో యార్క్‌లో కొడుకుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే యువరాజు, చేసిన ఫంక్షన్‌కి తెల్ల అడవిపంది గుర్తున్న గుడ్డ బ్యాడ్జీలు 13,000 ఆర్డరిచ్చాడు. మన పార్టీల కండువాల లెక్కే కదా. ఆయన ప్రచారం ఆయన చేసుకున్నాడు, గెలిచినవాళ్ళు వాళ్ళది చేసుకున్నారు. గెలిచిన ఏడో హెన్రీ పదేళ్ళకి, 1495లో, లెస్టర్‌లో రిచర్డ్ సమాధి మీద పాలరాయిలాంటి అలబాస్టర్‌తో పని చేయించాడు, డబ్బులిచ్చిన లెక్కలు కూడా ఉన్నాయి. తర్వాత ఆ సమాధి ఉన్న మఠం మూసేశాక అది పోయింది. మనిషిని చంపి గద్దెక్కినవాడే ఆ మనిషికి శిల్పం చేయించడం! ఎందుకు చేయించాడు, సిగ్గా, భయమా, లేకపోతే రాజుల మర్యాదా, నువ్వు ఆలోచించుకో, నేను చెప్పను.

షేక్స్పియర్ గురించి నీకు నేను చెప్పేదేముంది, రిచర్డ్ మీద నాటకం 1590ల్లో రాశాడు, అప్పుడు సింహాసనం మీదున్నది ఆ ఏడో హెన్రీ మనవరాలు, ఎటు మొగ్గాలో ఆయనకి బాగా తెలుసు. కానీ గమనించాల్సింది, ఆ నాటకం తర్వాత ఆర్టిస్టులకి రాజుతో పనైపోయింది, యాక్టర్లని వెయ్యడం మొదలెట్టారు. విలియం హోగార్త్ 1745 ప్రాంతంలో వేసిన పెద్ద కాన్వాసు, రెండున్నర మీటర్ల వెడల్పు, లివర్‌పూల్‌లో వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది, నీకు ట్రైన్‌లో ఎంతసేపు. డేవిడ్ గారిక్ అనే నటుడు 1741లో ఈ వేషంతోనే రాత్రికి రాత్రి స్టారైపోయాడు, ఆయన్ని వేశాడు. యుద్ధానికి ముందు రాత్రి టెంటులో, తను చంపించినవాళ్ళ దయ్యాలు కల్లోకొచ్చి ఉలిక్కిపడి లేచిన క్షణం, కుడి అరచెయ్యి చాచి వేళ్ళు విప్పి మనకేసి తోస్తున్నట్టు పెట్టాడు, ఆ చేతికి ఉంగరం. మళ్ళీ ఉంగరం చూశావా. బట్టలేమో రిచర్డ్ పోయిన నూరేళ్ళ తర్వాతి ఫ్యాషను, గూని దాదాపు కనపడదు, ఎందుకంటే జనం డబ్బిచ్చి చూడ్డానికొచ్చేది గారిక్‌ని. ఆ పటానికి హోగార్త్‌కి 200 పౌన్లు వచ్చాయి, ఇంగ్లీషు ఆర్టిస్టు ఎవడికీ ఒక్క పోర్ట్రెయిట్‌కి అంత రాలేదని తనే గొప్పగా చెప్పుకున్నాడు. రాజు బొమ్మకి అంతొచ్చేది కాదని నా అనుమానం.

విక్టోరియా రాణి కాలానికొచ్చేసరికి ఇంకో తెలివైన పని చేశారు, రాజుని పూర్తిగా బొమ్మలోంచి తీసేశారు. దీన్ని ముందు ఫ్రాన్స్‌లో పాల్ డెలరోష్ చేశాడు, 1830లో, ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. టవర్‌లో పెట్టిన ఆ అన్న కొడుకులిద్దరూ మంచం మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు, పుస్తకం తెరిచి ఉంది, చిన్న కుక్క ఒకటి తలుపుకేసి చూస్తోంది, తలుపు కిందనుంచి సన్నగా వెలుతురు. ఇంక ఏమీ లేదు. కత్తి లేదు, హంతకుడు లేడు. ఇంగ్లీషు ఆర్టిస్టు మిల్లే 1878లో వేసినదాంట్లో ఇద్దరూ నల్లబట్టల్లో మెట్ల దగ్గర చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు, వెనకంతా చీకటి. ఆ పిల్లలు, పన్నెండేళ్ళవాడు ఒకడు తొమ్మిదేళ్ళవాడు ఒకడు, 1483 తర్వాత కనపడలేదు, ఏమయ్యారో ఇప్పటికీ తేలలేదు. కానీ ఈ రెండు బొమ్మలు చూసినవాడికి తేలిపోయింది. ఇంత పని చేసింది ఆ కుక్క! నీ కథలో హత్య సీన్ మూడు పేజీలుంది, దిండ్లు, అరుపులు, కొవ్వొత్తి ఆరిపోవడం, అన్నీ. మొత్తం తీసెయ్. తీసేసినందుకు నన్ను తిట్టుకున్నా పర్లేదు.

ఇంక నువ్వు రోజూ చూసేవాటికొద్దాం. కేథెడ్రల్ దగ్గరున్న కంచు విగ్రహం, జేమ్స్ బట్లర్ చేసినది, 1980లో పెట్టారు, కిరీటం పైకెత్తి పట్టుకుని కుర్రాడు ఠీవిగా నిలబడి ఉంటాడు. అప్పటికి ఎముకలు దొరకలేదు. డబ్బులు పెట్టింది రిచర్డ్‌ని అభిమానించే సొసైటీ వాళ్ళు, వాళ్ళ గుంపు 1924 నుంచీ ఉంది. నువ్వేమో దాన్ని చూసి "ఇదే నిజమైన రిచర్డ్" అని రాశావు. అది ఫ్యాన్స్ పెట్టించిన విగ్రహం. 2013లో పుర్రెని స్కాన్ చేసి ప్రొఫెసర్ కేరొలిన్ విల్కిన్సన్ టీమ్ మొహం తయారుచేసింది కదా, అది చేయించిందీ ఆ సొసైటీనే. ఎముక మీద కండ, చర్మం ఎంత మందం ఉండాలో సైన్సు ప్రకారమే వేశారు, దాన్ని నేను తక్కువ చెయ్యను, కానీ జుట్టు, టోపీ, బట్టలు పాత పటాలు చూసి పెట్టారు, ముదురు జుట్టు పెట్టారు. మరుసటి ఏడాది లెస్టర్ యూనివర్సిటీ డీఎన్‌ఏ రిజల్టులో నీలం కళ్ళు ఉండే అవకాశం 96 శాతం, బంగారు రంగు జుట్టు, కనీసం చిన్నప్పుడు, 77 శాతం అని వచ్చింది. ఉన్న పటాల్లో దానికి బాగా దగ్గరగా ఉన్నది ఏది అంటే, ఆ ఆర్చి పటం. నిటారు భుజాలది. మొహం దగ్గరైంది, భుజం దూరమైంది. ఇంకో పటంలో భుజం దగ్గరైంది. నవ్వొస్తుంది ఒక్కోసారి.

2015లో పెట్టిన కొత్త సమాధి చూశావుగా, మొహం లేదు, పడుకున్న బొమ్మ లేదు, లేత రాయి మీద లోతుగా చెక్కిన క్రాసు. ఇన్ని గొడవల తర్వాత ఆ డిజైనర్లు తెలివైన పని చేశారనుకుంటా. కానీ కథ రాసేదానివి నువ్వు, నీకు ఆ సౌకర్యం లేదు, మొహం లేకుండా కుదరదు.

అందుకని నా మాట విని రెండో సగం పక్కన పెట్టు. చెరిపెయ్యద్దు, వేరే ఫైల్‌లో దాచుకో. రౌస్‌నో, ఆ భుజం ఎత్తినవాణ్ణో, ఇద్దర్లో ఒకర్ని తీసుకో, ఇద్దర్నీ పెడితే చిన్న కథ తట్టుకోదు. నేనైతే భుజంవాణ్ణి తీసుకుంటా, పేరు లేనివాడు కాబట్టి నువ్వు ఎవరి మీదా నింద వేసినట్టు కాదు. వాడికి జీతం ఎంత, రంగులో ఏం కలిపేవాడు, ఆయిల్ ఆరడానికి ఎన్నాళ్ళు, ఇవన్నీ తెలుసుకుని రాయి, మాటల్లో "చరిత్ర" అనే పదం ఒక్కసారి కూడా రాకూడదు. రాజు గురించి వాడికేం తెలుసో అంతే మనకీ తెలియాలి. పటంలో అప్పటికే ఉన్న ఉంగరం దాకా వాడి కళ్ళు వెళ్ళాలి, దాన్ని మార్చమని వాడికెవరూ చెప్పలేదు.

సంభాషణల్లో రాజుగారు "ఓకే" అన్నాడు ఒకచోట, అది చూసుకో. పన్నెండో పేజీలో బాస్వర్త్ తేదీ 21 అని పడింది, 22. రీడింగ్ వీక్‌లో లివర్‌పూల్ వెళ్ళి హోగార్త్‌ది దగ్గర్నుంచి చూసిరా, చలికి స్వెట్టరు మర్చిపోకు, మీ అమ్మ నన్నంటుంది. కొత్త డ్రాఫ్టు పంపేటప్పుడు ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టి పంపు.

మీ పెదనాన్న