142857 లాగే తిరిగే పెద్ద సంఖ్య: 0588235294117647

అడిగింది ఇది: 142857ని 1 నుంచి 6 వరకు దేనితో హెచ్చవేసినా అవే అంకెలు అదే వరసలో తిరుగుతాయి కదా, మరి 588235294117647 ఎక్సెల్‌లో ఎందుకు తిరగట్లేదు?

రెండు చోట్ల తేడా కొట్టింది. మొదటిది ముందున్న సున్నా. అసలు సంఖ్యకు పదహారు అంకెలు: 0588235294117647. ఆ సున్నా వదిలేస్తే 2తో హెచ్చవేసినప్పుడు వచ్చే 1176470588235294లో 0 ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. రెండోది ఎక్సెల్. అది 15 అంకెలే ఉంచుకుని పదహారో చోట సున్నా పెడుతుంది, అందుకే మీకు చివర 5290 కనిపించింది. సెల్ ఫార్మాట్ మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. బ్రౌజర్ కన్సోల్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి చూసుకునే చోటు) 16 రెట్ల దాకా సరిగ్గానే చెబుతుంది కానీ 17 దగ్గర 9999999999999999కి బదులు 1 పక్కన పదహారు సున్నాలు చూపిస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ బెడద లేదు.

ఈ పదహారు అంకెలూ 1/17లో దశాంశ బిందువు తర్వాత మళ్లీ మళ్లీ వచ్చేవే. ఎందుకు తిరుగుతుందో తెలియాలంటే 1ని 17తో కాగితం మీద భాగించండి. శేషాలు వరసగా 10, 15, 14, 4, 6, 9, 5, 16, 7, 2, 3, 13, 11, 8, 12, 1. అంటే 1 నుంచి 16 దాకా ప్రతి శేషమూ సరిగ్గా ఒక్కసారే వచ్చింది. 2/17 కావాలంటే కొత్తగా భాగించక్కర్లేదు, శేషం 2 వచ్చిన చోటు నుంచి చదువుకుంటూ పోవడమే. ఆ శేషం పదో అంకె దగ్గర వస్తుంది కాబట్టి పదకొండో అంకెతో మొదలు: 11764705... అన్ని ప్రధాన సంఖ్యలకూ ఇలా కుదరదు. 13కి ఆరు శేషాలు కాగానే మళ్లీ 1 వచ్చేస్తుంది, అందుకే 076923ని 2తో హెచ్చవేస్తే 153846 అని వేరే వరస వస్తుంది. వందలోపు కుదిరేవి 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97.

భాగహారం లేకుండా రాయాలంటే 12వ ఎక్కం చాలు, ఎందుకంటే 17×7 = 119, 120కి ఒకటి తక్కువ. కుడి చివర 7 వేయండి. 7×12 = 84: 4 వేసి 8 చేతిలో. 4×12+8 = 56: 6 వేసి 5 చేతిలో. 6×12+5 = 77: 7 వేసి 7 చేతిలో. ఇలా ఎడమకు వెళ్తుంటే ఒకచోట 9×12+4 = 112 వస్తుంది. అక్కడ 2 వేసి 11 చేతిలో ఉంచుకోవాలి, చాలామంది 1 మాత్రమే ఉంచుకుని మిగతా వరసంతా పాడు చేసుకుంటారు. వచ్చింది సరైనదేనా అంటే సగానికి కోసి కూడండి: 05882352 + 94117647 = 99999999. నాలుగేసి అంకెల ముక్కలు చేసినా 19998, అంటే 9999కి రెట్టింపు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ సరిచూపే, కానీ రెండు అంకెలు తారుమారై మొత్తం మారకపోతే ఇది పట్టుకోలేదు. 17తో హెచ్చవేసి పదహారు తొమ్మిదులూ వచ్చాయేమో చూస్తే ఇక అనుమానం ఉండదు.

17 దాటితే? 18 రెట్లు 10588235294117646. ముందున్న 1ని తీసి చివరికి కలపండి, మొదటి సంఖ్యే వస్తుంది.

12వ ఎక్కం బరువనిపిస్తే 19తో మొదలుపెట్టండి. కుడి చివర 1, అక్కడి నుంచి రెట్టింపులే: 1, 2, 4, 8, తర్వాత 16లో 6 వేసి 1 చేతిలో. పద్దెనిమిది అంకెలకు 052631578947368421 పూర్తవుతుంది.