గ్రీకు ట్రాజెడీని ‘విషాదాంతం’ అనొచ్చా?

సందేహం: గ్రీకు ట్రాజెడీ గురించి తెలుగులో రాసేటప్పుడు కొందరు విషాదాంతం అంటున్నారు, కొందరు విషాద నాటకం అంటున్నారు. ఏది కరెక్టు? ట్రాజెడీ అంటే అసలు అర్థం ‘మేకపాట’ అని విన్నాను, నిజమేనా అండీ?

సమాధానం: గ్రీకుల నాటకాల గురించే అయితే విషాదాంతం వద్దండీ. విషాద నాటకం అనండి, లేదా ట్రాజెడీ అనే రాసేయండి, మనకి ఆ మాట కొత్తేం కాదు కదా. విషాదాంతం అన్నామంటే చివర్లో దుఃఖం ఉండి తీరాలి, కానీ ఏథెన్సులో ఆ పేరుతో ఆడినవన్నీ అలా ముగియలేదు. గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాసిన ‘ఒరెస్టియా’ (క్రీ.పూ. 458) మూడు నాటకాల వరస, మొదటిదాంట్లో భార్య భర్తని చంపేస్తుంది, రెండోదాంట్లో కొడుకు తల్లిని చంపేస్తాడు, మూడోదాంట్లో ఆ కొడుకుని ఏథెన్సులో విచారిస్తే ఓట్లు సమానంగా పడి విడుదలవుతాడు, అతన్ని తరిమిన పగ దేవతలు కూడా శాంతించి ఆ ఊరిని చల్లగా చూస్తామంటారు, ఊరేగింపుతో నాటకం అయిపోతుంది. యూరిపిడీస్ ‘హెలెన్’ (క్రీ.పూ. 412) లో అయితే విడిపోయిన మొగుడూ పెళ్ళాం మళ్ళీ కలిసి ఈజిప్టు నుంచి తప్పించుకుపోతారు, ఇదీ ట్రాజెడీయే! అరిస్టాటిల్ కూడా చివర దుఃఖం ఉంటేనే బాగుంటుందని ఒకచోట అన్నాడు గానీ, ట్రాజెడీ అంటే ఏంటో చెప్పిన నిర్వచనంలో మాత్రం జాలీ భయమూ పుట్టించాలన్నాడు తప్ప ముగింపు ఊసే ఎత్తలేదు.

ఇక మేకపాట సంగతి. ట్రాగోస్ అంటే మేకపోతు, ఓడె అంటే పాట, అంతవరకూ నిజమే. ఆ పేరెందుకొచ్చిందన్నదే తేలలేదు. గెలిచినవాళ్ళకి మేకపోతుని బహుమతిగా ఇచ్చేవాళ్ళని కొందరు, బలి ఇచ్చేటప్పుడు పాడేవాళ్ళని కొందరు, మేకల్లాంటి సాటిర్ల (గ్రీకు కథల్లో సగం మనిషి, సగం జంతువుగా ఉండేవాళ్ళు) వేషాలు కట్టి పాడేవాళ్ళని ఇంకొందరు అంటారు. ఈ మూడోది నాకు నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే పాత ఏథెన్సు కుండల మీద సాటిర్లకి గుర్రం తోకలే ఉంటాయి.

పుట్టుక మాత్రం పాటలోనే. డయోనిసస్ దేవుడి కోసం బృందం పాడుతూ ఆడే డిథిరాంబ్ అనే పాటలుండేవి, వాటిని నడిపించేవాళ్ళ నుంచే ట్రాజెడీ వచ్చిందని అరిస్టాటిల్ చెప్పాడు. బృందానికి ఎదురుగా ఒకడు విడిగా నిలబడి పాత్రగా మాట్లాడ్డం థెస్పిస్ అనే ఆయనతో మొదలైందని (క్రీ.పూ. 534 ప్రాంతంలో) చెప్పుకుంటారు. నన్నడిగితే నాటకం పుట్టింది అక్కడే, పాడేవాళ్ళకి జవాబు చెప్పేవాడు దొరికాడు. ఈస్కిలస్ రెండో నటుణ్ణి తెచ్చాడు, దాంతో ఇద్దరు ఎదురెదురుగా వాదించుకోడానికి వీలైంది, సోఫోక్లీస్ మూడోవాణ్ణి తెచ్చాడు, అలా మాట పెరిగేకొద్దీ పాట తగ్గుతూ వచ్చింది.

మరి మనకి విషాదాంతం అనే అలవాటు ఎలా వచ్చిందంటే, ఇంగ్లీషు చదువులతో షేక్‌స్పియర్ ట్రాజెడీలు ముందు తెలిశాయి, వాటిల్లో చివరికి శవాలే కదా. అయినా బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తన నాటకానికి ‘విషాద సారంగధర’ అనే పేరు పెట్టారు, ‘విషాదాంత’ అనలేదు చూడండి. భవభూతి ఉత్తరరామచరితలో కూడా కన్నీళ్ళు ధారగా కారినా చివరికి సీతారాములు కలుస్తారు, దుఃఖం నాటకమంతా ఉండటం వేరు, చివర్లో ఉండటం వేరు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ, కోరస్‌ని (గ్రీకు నాటకంలో పాడుతూ ఆడే బృందాన్ని) ‘వంతపాట’ అని రాస్తున్నవాళ్ళున్నారు, అదీ సరికాదు. వంత అంటే బుర్రకథలోలాగా ముఖ్య కథకుడికి తోడు. ఈస్కిలస్ ‘శరణార్థినులు’ నాటకంలో ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని పారిపోయొచ్చిన డానాయస్ కూతుళ్ళే కోరస్, కథంతా వాళ్ళదే. కోరస్ అనో బృందం అనో రాయండి.